తుపాకి మడమ మీది గాట్లు

ఎలక్షన్లు అయిపోయి, స్టేషన్లో పెట్టిన తుపాకులు ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చే రోజుల్లో బాలస్వామికి చేతినిండా పని, కడుపునిండా మంట. ఓట్లకు ముందు లైసెన్సు తుపాకులన్నీ పోలీసులకు అప్పజెప్పాల. వాళ్లేమో జొన్నదంట్ల మోపు మాదిరి ఒక గదిలో మూలకు వేసి తాళం పెడతారు. గోడకు చెమ్మ, కింద ఎలుకల ఉచ్చ, ఒకదాని మీద ఒకటి ఒరిగి గీసుకున్న గీతలు. బయటికి వచ్చేసరికి గొట్టాలు ఎర్రగా తుప్పెక్కి, కర్రలు తెల్లగా పాలిపోయి, రోగం పడి లేచిన మనుషుల్లాగా ఉంటాయి.

"మనిషిని జైల్లో పెడితే బువ్వన్నా పెడతారు. వీటికి చుక్క నూనె పూసే దిక్కు లేదు గదప్పా," అంటాడు మస్తాన్ సాబు.

నంద్యాలలో తుపాకుల అంగడి మస్తాన్ సాబుది. లైసెన్సూ ఆయనదే. తుప్పు గీకి గొట్టానికి నల్లటి నీలిరంగు ఎక్కించడం, కర్రకు నునుపు తేవడం బాలస్వామి పని. ఆ పని ఇంటి దగ్గరే చేస్తాడు. తుపాకి పేలే సామానంతా సాబు విప్పి బీరువాలో పెట్టి తాళం వేసుకుంటాడు. ఒట్టి గొట్టం, ఒట్టి కర్ర గోనెపట్టాలో చుట్టి బాలస్వామి సైకిలుకు కడతాడు. ఇన్నేళ్లుగా అదే కట్టుబాటు. ఇద్దరి మధ్య అంతకు మించి మాటలుండవు. బాలస్వామి మాట్లాడేదే తక్కువ. ఇంటి దగ్గర పెండ్లాం శివమ్మ, "మా ఆయనకు మాటకింత అని పన్ను కట్టాలేమో," అని ఇరుగుపొరుగుతో నవ్వుతుంది.

ఆ పొద్దు అంగడి ముందర జీపు ఆగింది. దిగింది వెంకటేశ్వర్లు. ఆళ్లగడ్డ దాటి అహోబిలం దోవలో ఉండే ఊరు వాళ్లది, ఆ ఊళ్లో పెద్ద సేద్యం వాళ్లది. తండ్రి శేషయ్య పోయి ఏడాది కాలేదు. తండ్రి పేర ఉన్న రైఫిలు ఈ మధ్యనే కొడుకు పేరుకు మారింది.

డ్రైవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పాత సీమదొరల కాలపు రైఫిలు. అందరి తుపాకుల్లాగే దీనికీ స్టేషను వాసన పట్టింది. బాలస్వామి చెయ్యి దానంతట అదే కర్ర మీదికి పోయింది. వాల్‌నట్ కర్ర. వార్నీషు పెచ్చులు లేచినా కింద కర్ర చార మంచిగుంది. భుజానికి ఆనించే మడమ దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగినాయి. కుడి పక్కంతా గాట్లు. ఒకదాని కింద ఒకటి, కత్తి మొనతో కోసినవి, చేతి చెమటకు నల్లబడి ఉన్నాయి.

"అహోబిలం సామి పార్వేట పల్లకి మా ఊరికి వొచ్చేలోపల కొత్తదై పోవాల," అన్నాడు వెంకటేశ్వర్లు. "పల్లకి మా వాకిట్ల దిగేటప్పుడు మా ఇంటోళ్లు మింటికి ఒగ తూటా పేల్చాల. మా తాత కాలం నుంచి వొస్తాండేది. నాయన పోయినాక ఇదే మొదుటిసారి, నేను పేల్చేది. ఊరు ఊరంతా నా చేతిలోకే చూస్తాది."

"అయితాది అయితాది," అన్నాడు సాబు.

"ఆ గాట్లు గూడ పోవాల. యాడ జూసినా కోతలే. కసాయోని మొద్దు మాదిరుండాది."

సాబు బాలస్వామి మొహం చూశాడు. బాలస్వామి గాట్ల మీద బొటనవేలు ఇంకా అట్లే పెట్టి ఉన్నాడు.

"ఏమప్పా, పోతాయా?"

"గీకితే పోతాయి," అన్నాడు బాలస్వామి.

*

ఇంటి వెనక వేపచెట్టు నీడలో రెండు చెక్క బిగింపుల మధ్య కర్రను పెట్టి, గాజుపెంకుతో పాత వార్నీషు గీకడం మొదలుపెట్టాడు. గాజుపెంకును నిలువుగా పట్టుకుని చార వెంబడి లాగితే వార్నీషు పొట్టు సన్నగా, బెల్లంరంగులో రాలుతుంది. దాని కింద కర్ర ఎండిపోయి దాహంతో ఉన్నట్టుంది.

నొక్కుల పని రెండోది. స్టేషన్లో ఇంకో తుపాకి మీద పడి గుంటలు పడిన చోటల్లా తడిగుడ్డ మడిచి వేసి, బొగ్గుల ఇస్త్రీపెట్టె ఆనించాడు. సుయ్యిమని ఆవిరి లేచింది. గుడ్డ తీస్తే లోపలికి పోయిన చోటు ఊరి సమానమై ఉంది. ఈ పని చేసేటప్పుడు బాలస్వామికి మనసు కుదురుగా ఉండేది ఎప్పుడూ. ఈసారి లేదు. చెయ్యి పని చేస్తా ఉంటే కళ్లు మాటిమాటికి మడమ మీదికి పోతున్నాయి. గాట్లకు ఇస్త్రీ పెట్టి లాభం లేదు. నొక్కుకుపోయిన కర్రకు నీళ్లు తాపితే లేస్తుంది. కోసిన చోట కర్రే లేదు కదా, లేచేదేముంది. గాటు ఎంత లోతో అంత కర్రా గీకి పారెయ్యాల.

గాట్లన్నీ ఒక రకంగా లేవు. కొన్ని పాతవి, నూనె ఇంకి మూసుకుపోవడానికి వచ్చినాయి. ఒకచోట గాటు మీద గాటు పెట్టి సిలువ మాదిరి కోసినారు. దాన్ని వేలితో తడిమి, వదిలేసి, లేచి బీడీ ముట్టించుకున్నాడు. రెండు దమ్ములు లాగి గోడ మీద పెట్టి మర్చిపోయాడు. మళ్లీ ఇంకోటి ముట్టించాడు.

"గోడకు గూడ బీడీలు తాపుతాండావా?" అంది శివమ్మ అంట్లు తోముతా. "ఏందట్ల లేస్తాండావు, కూసుంటాండావు? చీమలు కుడ్తాండాయా?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే కూసో ఒగచోట. నిన్ను జూస్తే నాకే తల తిరుగుతాండాది."

అప్పుడే వీధి తలుపు దగ్గర ఎవరో దగ్గినారు. శివమ్మ పోయి చూసి వచ్చింది. "ఎవురో ముసలాయన. ఆళ్లగడ్డ పక్కనుంచి వొచ్చినాడంట. సాబు అంగట్లో అడిగి వొచ్చినాడంట."

వచ్చినాయన పొడుగు మనిషి. వంగిపోయి ఉన్నాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. చెప్పులు వాకిలి బయటే వదిలి వచ్చినాడు. బాలస్వామిని పలకరించలేదు. కర్ర వైపే నడిచాడు. దాని ముందర గొంతుక్కూర్చుని మడమ మీద అరచెయ్యి పెట్టి, ఊపిరి వదిలాడు.

"ఉండాయి," అన్నాడు. "ఇంగా ఉండాయి."

"ఎవురప్పా నువ్వు?"

"జకరయ్య అంటారు. శేషయ్య అయ్య దగ్గర వేట మనిషిని. జీపు డ్రైవరు చెప్పినాడు, గాట్లన్నీ గీకిచ్చడానికి నంద్యాలకు ఏసకపోయినామని. పొద్దున బస్సుకే వొచ్చినా."

"నీకేంది దాంతో?"

జకరయ్య మొహం ఎత్తి చూశాడు. ఒక కంట్లో పొర పట్టి ఉంది. "ఇయి నా చెయ్యి," అన్నాడు.

శివమ్మ నీళ్ల చెంబు తెచ్చి ఇచ్చింది. తాగి, మూతి తుడుచుకుని, అడగకముందే చెప్పుకొచ్చాడు. వేరుశనగ బుడ్డల చేన్ల మీద అడవిపందులు పడేవి. అడవి దగ్గరి ఊరు. వేటకు పోవాలంటే శేషయ్యకు సరదాయే గాని, గురి పెట్టేసరికి చెయ్యి వణికేది. తుపాకి జకరయ్యకిచ్చేవాడు. శేషయ్యది ఒక కట్టడి ఉండేది. పందిని కొట్టినోడే దాన్ని కొయ్యకముందు తుపాకి మీద గాటు పెట్టాల. కొట్టనోడు గాటు పెడితే తుపాకికి కోపమొచ్చి గురి తప్పుతుందని ఆయన నమ్మకం.

"అందుకని నాతోనే పెట్టిచ్చేటోడు. నేను ముట్టుకున్న చెంబు ముట్టడు గాని, ఈ కట్టె మీద మాత్రం నాతోనే గాటు పెట్టిచ్చేటోడు," అని నవ్వాడు జకరయ్య. "ఇదో, ఈ సిలువ జూడు. ఇది చిరుతపులి. మేకల దొడ్డి మీద పడేది. మంచె మీద రెండు దినాలు కూసోని కొట్టినా. పులికి వేరే గుర్తు పెట్టురా అన్నాడు అయ్య. నాకు తెలిసిన గుర్తు ఇదొగటే."

బాలస్వామి గాజుపెంకు చేతిలో అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"ఇప్పుడు అడివిలో కుందేలును కొట్టినా కేసంట. మంచిదే. నేను మళ్లీ కొడ్తానని గాదు. ఊళ్లో ఎవురికి జెప్పినా నగుతారప్పా. మా చర్చి పిల్లోళ్లు, 'తాతా, పందిని జూస్తే నువ్వే చెట్టెక్కినావంట గదా,' అంటారు. నాకు కయ్య లేదు, కాలవ లేదు. ఇది నేను చేసినా అని చూపిచ్చను ఇదొగటే ఉండాది. అది గూడ నా ఇంట్లో లేదు, వాళ్లింట్లో గోడకుండాది. ఉంటే చాలు నాకు. నేను బతికినన్ని నాళ్లు ఉంటే చాలు."

"వెంకటేశ్వర్లయ్యనే అడగొచ్చు గదా."

"నేనా?" జకరయ్య తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "నా కొడుకు దావీదు వాళ్ల ట్రాక్టరు తోల్తాడు. గాట్లు నావి అని నేనంటే వాళ్ల నాయన్ను నగుబాటు చేసినట్టు గాదా? నువ్వు పనోనివి. కట్టె సంగతి నువ్వు జెప్తే వింటాడు. నా పేరెత్తొద్దు."

పోయేటప్పుడు ఇంకోసారి మడమ తడిమి పోయినాడు. ముసలాయన వీధి మలుపు తిరిగేదాకా బాలస్వామి వాకిట్లోనే నిలబడి, లోపలికి వచ్చి, గాజుపెంకు తీసుకుని, మళ్లీ పెట్టేశాడు.

"పో," అంది శివమ్మ. "పోయి చెప్పిరా. లేకుంటే ఈ వారమంతా ఇంట్లో నీ అడుగుల సప్పుడే."

*

మరుసటి రోజు పొద్దున ఆళ్లగడ్డ బస్సెక్కాడు. సీటు దొరికినా కూర్చోలేకపోయాడు. శిరివెళ్ల దాకా నిలబడే పోయినాడు. ఏం చెప్పాలో ఒకమాటు కూడగట్టుకుని, బస్సు కుదుపుకు చెదిరిపోయి, మళ్లీ కూడగట్టుకున్నాడు. గీకితే మడమ పల్చబడుతుంది. పల్చబడితే తూటా పేలినప్పుడు దెబ్బకు చీలుతుంది. అంతే. రెండు మాటలు చెప్పి వచ్చేయాల.

ఆళ్లగడ్డలో దిగి ఇంకో బస్సు మారి ఊరు చేరేసరికి ఎండ ఎక్కింది. వెంకటేశ్వర్లు ఇంటి వాకిట్లో పందిరి వేస్తున్నారు, పల్లకి కోసం. దావీదు అనే పిల్లోడు కాబోలు, ట్రాక్టరు మీద నుంచి వెదురు గడలు దించుతున్నాడు. జకరయ్య ముక్కే వానిదీ.

నడవాలో వెంకటేశ్వర్లు కుర్చీలో ఉన్నాడు. ఆయన తల మీద గోడకు పెద్ద ఫోటో. చిరుతపులి కింద పడి ఉంది. శేషయ్య దాని మీద ఒక కాలు పెట్టి, తుపాకి నిలువుగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఫోటో అంచు దగ్గర పులి తోకను లేపి పట్టుకున్న చెయ్యి ఒకటి పడింది. చెయ్యి మాత్రమే. మనిషి ఫోటోలో లేడు.

"ఏందప్పా, అప్పుడే అయిపోయిందా?"

"లేదయ్యా. గాట్ల సంగతి అడుగుదామని వొచ్చినా." బాలస్వామి నిలబడే చెప్పాడు. "అయి లోతుగుండాయి. గీకితే కట్టె పల్చబడ్తాది."

"పడితే పడనీ. నేనేం దాంతో ఏనుగుల్ని కొడ్తానా? ఏడాదికి ఒగ తూటా."

"చీలితే మళ్లీ అట్లాంటి కట్టె దొరకదు."

"నీకు చాతకాదంటే చెప్పు, కర్నూలుకు పంపిస్తా."

బాలస్వామికి ఒంట్లో తేళ్లు పాకినట్టయింది. చెప్పాల్సింది అయిపోయింది. వెనక్కి తిరిగి పోవాల. పోతే బస్టాండు దగ్గర ముసలాయన కనిపెట్టుకుని ఉంటాడు. నిన్న పోయేటప్పుడే చెప్పినాడు, రేపు పొద్దంతా ఆళ్లగడ్డ బస్టాండు టీ అంగడి దగ్గర ఉంటానని. ఆయనకు ఏం చెప్పాల? నోరు దానంతట అదే తెరుచుకుంది.

"అట్ల గాదయ్యా. తుపాకులు నేను దినామూ జూస్తా. కొత్తవి యాడన్నా దొరుకుతాయి. ఇన్ని గాట్లుండే తుపాకి నేను జూడలా. ఇయి ఉంటేనే దీనికి బరువు. చేతిలో పట్టుకుంటే చూసినోళ్లు అడుగుతారు, ఇయి ఎవురు కొట్టినారని. ఇంటికి పేరు గదయ్యా."

అంత పొడుగు మాట అతను ఏ పెద్దమనిషి ముందరా మాట్లాడి ఎరగడు. వెంకటేశ్వర్లు కుర్చీలోనే వెనక్కి తిరిగి ఫోటో వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"అదీ నిజమే," అన్నాడు. మొహం విప్పారింది. "నాకు తట్టలేదు సుమీ. గీకొద్దు. ఉండనీ. చూసినోళ్లు అడుగుతారన్నావు గదా, అడగకముందే తెలిసేటట్టు చేస్తాం. కంసాలితో వెండిరేకు కొట్టిచ్చి పంపిస్తా. మా నాయన పేరు చెక్కిచ్చి. గాట్ల కిందనే దిగెయ్యి. 'శేషయ్య గారి వేట' అని. ఎట్లుంటాది?"

బాలస్వామి ఫోటో అంచునున్న చెయ్యి వైపు చూశాడు. "బాగుంటాది," అన్నాడు.

"నువ్వు మంచి మాట చెప్పినావప్పా. లోపలికి పోయి బువ్వ తినిపో."

తినలేదు. పందిరి గుంజలు దాటుకుని, దావీదు మొహం చూడకుండా, రోడ్డు మీదికి వచ్చిపడ్డాడు.

ఆళ్లగడ్డ బస్టాండులో జకరయ్య టీ అంగడి బెంచీ మీద చివర కూర్చుని ఉన్నాడు. బాలస్వామిని చూడగానే లేచాడు.

"గీకొద్దన్నాడు," అన్నాడు బాలస్వామి.

ముసలాయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టబోయాడు. బాలస్వామి ఆ చేతులు పట్టుకుని దించేశాడు. "ఉండప్పా. ఇంగోటుండాది." చెప్పకుండా బస్సెక్కితే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. చెప్పాడు. వెండిరేకు, పేరు, అంతా.

జకరయ్య టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. తాగలేదు. "దాంట్ల నా పేరు గూడ రాపిస్తారా?" అని అడిగాడు.

 ఎదురుగా కర్నూలు బస్సు కదులుతూ ఉంది. దాని వైపు చూస్తా నిలబడ్డాడు బాలస్వామి.

"ఓహో," అన్నాడు ముసలాయన. టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని తన ఊరి దోవ పట్టినాడు.

*

గొట్టం పని మిగిలి ఉంది గాబట్టి ఆ పని మీద పడ్డాడు బాలస్వామి. తుప్పంతా తీసి, రంగెక్కించే మందు పూసి, రేకుతొట్టిలో నీళ్లు కాగబెట్టి గొట్టాన్ని ఉడికించి, పైకి లేచిన ఎర్రపొడిని సన్నటి ఇనుపపీచుతో తుడిచి, మళ్లీ పూసి, మళ్లీ ఉడికించి. ప్రతిసారీ ఒక్కో ఛాయ నల్లబడుతుంది. ఓపిక పట్టాల. ఈసారి ఓపిక లేక నీళ్లు సరిగా కాగకముందే ముంచాడు. ఒక పక్క మచ్చలు పడినాయి. చేసిందంతా గీకేసి మొదటినుంచి మొదలుపెట్టాడు. కొత్తలో పని నేర్చుకునేటప్పుడు తప్ప ఎప్పుడూ అట్లాంటి తప్పు చేయలేదు.

"నీ మాట బంగారమని ఇన్నాళ్లూ దాచిపెట్టుకుంటివి," అంది శివమ్మ పొయ్యిలోకి కట్టె తోస్తా. "తీసి ఖర్చు పెట్టినావు. ఎవురికి దక్కింది?"

ఆ మాటకు అతను లేచి వీధిలోకి పోయి, ఊరికే ఒక చుట్టు తిరిగి వచ్చాడు.

వెండిరేకు వచ్చింది. అరచేతిలో పట్టేంతది. కంసాలి మంచి పనివాడు, అక్షరాలు తళతళమంటున్నాయి. బాలస్వామి చిన్న ఉలితో గాట్ల కింద రేకు మందాన గుంట తీసి, అందులో కుదిరేటట్టు దిగేశాడు. రేకు కర్రతో సమానంగా కూర్చుంది. ఎక్కడా గోరు ఆగదు. పని ఎంత బాగా కుదిరితే అంత కంపరంగా ఉంది చూడ్డానికి. గాట్లన్నీ ఆ పేరు మీదికి నడిచిపోతున్నట్టున్నాయి.

ఆ రోజే పొద్దెక్కినాక జకరయ్య వచ్చాడు. ఈసారి నేరుగా లోపలికి వచ్చి రేకు ముందర కూర్చున్నాడు. అక్షరాల మీద వేలు పెట్టి, "ఇది అయ్య పేరా?" అని అడిగాడు.

"ఆ."

"బాగ రాసినారు." వేలు తీశాడు. "ఆకురాయి ఉండాదా నీ దగ్గర?"

"ఎందుకప్పా?"

"నేను పెట్టినయి నేనే తీస్తా."

బాలస్వామికి అర్థం కావడానికి కొంచెం పట్టింది. "నువ్వే గదా గీకొద్దంటివి. దానికోసరమే గదా నేను అంత దూరం పోయి..."

"అప్పుడు ఉట్టి గాట్లు. ఎవురివని ఎవురడిగినా ఊరుకునేటోన్ని. ఇప్పుడు పేరు పెట్టినారు. నేను సచ్చేదాకా ఆ పేరు కింద నా చెయ్యి ఊడిగం చెయ్యాలనా? ఉన్నన్నాళ్లు చేసినా. చాలు."

"దావీదు పని?"

"వానికి చెప్పే వొచ్చినా. ట్రాక్టర్లు వాళ్లొగరికే ఉండాయా అన్నాడు వాడు. నాకంటే మొండోడు." ముసలాయన మొదటిసారి మెత్తగా చూశాడు. "నీకు మాటొస్తాది గదా. నువ్వొద్దంటే పోతాలే."

శివమ్మ వంటింటి గడపలో నిలబడి మొగుణ్ణే చూస్తా ఉంది. వద్దంటే ఆళ్లగడ్డ పక్క పని పోకుండా ఉంటుంది, సాబు దగ్గర మర్యాద నిలుస్తుంది. బాలస్వామి లేచి పెట్టె తెరిచాడు. ఆకురాళ్లలో మొరటుది పక్కన పెట్టి, కొంచెం సన్నది ఎంచి, గుడ్డతో తుడిచి జకరయ్య చేతికిచ్చాడు. బిగింపులు ఇంకోసారి బిగించాడు, కర్ర కదలకుండా.

ఆకురాయి కర్రకు ఆనగానే ముసలాయన చెయ్యి కుదురుకుంది. పై గాటు నుంచి మొదలుపెట్టాడు. ఒక్కోదాని దగ్గర ఆగి, వేలితో తడిమి, లోపల ఏదో గుర్తు తెచ్చుకుని, అరగదీసేవాడు. "ఇది వాగులో." కొంచెంసేపటికి, "ఇది కుక్కను చీల్చిన పంది." కర్రపొడి ఆయన మోకాళ్ల మీద రాలుతా ఉంది. బాలస్వామి పక్కన కూర్చుని, పొడి పేరుకున్నప్పుడల్లా ఊదుతున్నాడు. ఎవరూ తొందరపడలేదు. సిలువ దగ్గర మాత్రం జకరయ్య చాలాసేపు ఆగినాడు. తువ్వాలుతో పొరపట్టిన కన్ను తుడుచుకుని, దాన్నీ అరగదీశాడు.

రేకును ఆనుకుని, అన్నిటికంటే కింద, ఒక గాటు మిగిలింది. వంకరగా, పైపైన కోసింది. ఆకురాయి దాని దగ్గరికి పోకముందే పక్కకు పెట్టేశాడు జకరయ్య.

"అదో?" అన్నాడు బాలస్వామి.

"అది అయ్యది. ఒగసారి పడుకున్న పందిని కొట్టినాడు, పిల్లను. గాటు పెట్టేటప్పుడు వేలు గూడ కోసుకున్నాడు పాపం." లేచి మోకాళ్ల మీది పొడి దులుపుకున్నాడు. "అది నేను ముట్టుకోను. ఆయనది ఆయనకు ఉండాల."

ఆయన పోయినాక బాలస్వామి ఆ చోటంతా గరుకు కాగితంతో నునుపు చేసి, అవిసెనూనె అరచేత్తో రుద్ది ఎక్కించాడు. మడమ ఆ పక్క కొంచెం లోపలికి పోయి, పండ్లూడిన ముసలోని బుగ్గలాగా ఉంది. కొత్త కర్ర చారలు నీళ్లలాగా పైకి తేలినాయి. ఆ సాయంత్రం బీడీ ఒకటే ముట్టించి, కడదాకా తాగినాడు.

*

అంగట్లో సాబు తుపాకి బిగించి, మడమ చూసి, తల పట్టుకున్నాడు. "యా అల్లా! ఉండాల్నని ఆయనే చెప్పి పంపిచ్చె గదా! ఏమి చెప్తావప్పా ఇప్పుడు?"

"చెప్తాలే."

"నువ్వు చెప్పేది యాడ? నేను ఏడ్వాల!"

వెంకటేశ్వర్లు వచ్చింది మధ్యాహ్నం. జీపులో పల్లకి సంబరానికి కొన్న పూలగంపలు, కొబ్బరికాయల మూట. నవ్వుతూ లోపలికి వచ్చి తుపాకి అందుకున్నాడు. గొట్టం చూసి, "భలే ఉండాది," అన్నాడు. భుజానికి ఆనించి చూశాడు. దించి, రేకు చూసుకుందామని మడమ తిప్పినాడు.

రేకు మెరుస్తా ఉంది. దాని పక్కన వంకర గాటు ఒకటి. పైనంతా నునుపు.

"ఏందిది? ఏవి గాట్లు?"

సాబు గబగబా ముందుకొచ్చాడు. "తప్పయిపోయిందయ్యా, కొత్త కట్టె ఏపిస్తా, నా మాట మీద..."

"నువ్వుండు సాబూ. నువ్వు చెప్పప్పా. యాడికి పోయినాయి?"

బాలస్వామి చేతికంటిన నూనె గుడ్డతో తుడుచుకుంటున్నాడు. "ఎవురివి వాళ్లు తీసకపోయినారయ్యా," అన్నాడు.

వెంకటేశ్వర్లు మొహం ఎర్రబడింది. అరుస్తాడనుకున్నారు ఇద్దరూ. బొటనవేలు మాత్రం ఆ నునుపు మీదే పైకీ కిందికీ పోతా ఉంది, ఎక్కడన్నా ఒకటి తగులుతుందేమో అని వెతుకుతున్నట్టు. వేలు వంకర గాటు దగ్గరికి వచ్చి నిలిచింది.

"జకరయ్య వొచ్చినాడా?" అన్నాడు.

ఆ పేరు అతని దగ్గర బాలస్వామి ఎప్పుడూ ఎత్తలేదు. జీపు డ్రైవరు అంగడి గడప దగ్గర నేలచూపులు చూస్తున్నాడు. 

వెంకటేశ్వర్లు సాబు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తుపాకి తొడల మీద అడ్డంగా పెట్టుకున్నాడు. బయట ఎండలో పూలగంపల మీద ఈగలు ముసురుకుంటున్నాయి. తొందరగా పోవాల్సిన మనిషి, కదలలేదు.

"పులిని కొట్టిన పొద్దు నేను మంచె మీదనే ఉంటి," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. "చిన్నోన్ని. జకరయ్య పక్కనే కూసోనుంటి. పేల్చే ముందర నా చెవులు తన తువ్వాలుతో చుట్టినాడు."